గేమ్‌లో రియలిజం ఎంత ఉండాలో సెట్టింగ్స్‌లో మీరే తేల్చుకోండి

కొత్త గేమ్ ట్రైలర్ ఏదొచ్చినా ఒకటే గొడవ. ఒకడేమో "అచ్చం సినిమాలా ఉంది రా బాబూ, గేమ్స్ అన్నీ ఇలాగే రావాలి" అంటాడు, ఇంకొకడు "అంత రియల్‌గా కావాలంటే బయటికెళ్లి ఆడుకో, గేమ్ గేమ్‌లా ఉండాలి" అంటాడు. ఇద్దరిదీ కరెక్టే, కాకపోతే ఇద్దరూ వేరే వేరే వాటి గురించి మాట్లాడుతున్నారు. మొదటోడిది కంటికి కనిపించే దాని గోల, రెండోడి చిరాకు గుర్రానికి మేత పెట్టు, తుపాకీ తుడువు, ఇప్పుడు నిద్రపో అని సతాయించే రూల్స్ మీద. రెండింటికీ పేరు రియలిజమే, అందుకే ఆ గొడవ ఎప్పటికీ తేలదు.

గేమ్స్ ఇంకా రియలిస్టిక్ అవ్వాలా వద్దా అనేది కంపెనీలు తేల్చుకుంటాయి, మనం ఆపినా ఆగదు. కానీ మన సిస్టమ్‌లో, మన ఫోన్‌లో ఎంత ఉండాలో చాలావరకు మన చేతిలోనే ఉంది, సెట్టింగ్స్ ఓపెన్ చేసే ఓపిక ఉండాలి అంతే. ఏది ఉంచాలి ఏది తీసేయాలి అన్నప్పుడు నేను చూసేది ఒక్కటే, ఇది ఆన్ చేస్తే నేను ఆడే తీరు ఏమన్నా మారుతుందా? మారితే ఉంచుతా. కేవలం టైమో ఫ్రేమ్సో (సెకనుకి తెర మీద మారే బొమ్మల లెక్క) తినేసి ఊరుకుంటే పీకేస్తా. కింద రాసేదంతా ఈ ఒక్క ముక్కని గ్రాఫిక్స్‌కి, బండి నడిపే తీరుకి, ఆకలి నిద్ర లాంటి రూల్స్‌కి ఎలా వాడుకోవాలో.

ముందు కెమెరా వేషాలు తీసేయండి

గేమ్ ఇన్‌స్టాల్ అవ్వగానే స్టోరీలోకి దూకకండి. గ్రాఫిక్స్ మెనూలోకి వెళ్లి మోషన్ బ్లర్ (కదిలినప్పుడు బొమ్మ మసకబారడం), ఫిల్మ్ గ్రెయిన్, క్రోమాటిక్ అబరేషన్, లెన్స్ ఫ్లేర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, విన్యెట్ (తెర అంచులు నల్లబడటం) ఇవి ఎక్కడున్నాయో వెతకండి, ఒక్కో గేమ్‌లో ఒక్కో మూల దాస్తారు, కొన్నిట్లో డిస్‌ప్లే కింద, కొన్నిట్లో యాక్సెసిబిలిటీ కింద ఉంటాయి. దొరికినవన్నీ ఆఫ్ చేసి ఒక ఐదు నిమిషాలు తిరగండి, తర్వాత నచ్చింది ఒక్కోటి ఆన్ చేసుకోండి.

ఎందుకంటే ఇవేవీ మన కన్ను చూసే తీరు కాదు. ఫిల్మ్ గ్రెయిన్ అనేది పాత ఫిల్మ్ రీల్‌లో కనిపించే ఇసుక రేణువుల్లాంటి గరుకు, క్రోమాటిక్ అబరేషన్ అంటే లెన్స్ లోపం, అంచుల్లో రంగులు చీలిపోయి కనిపిస్తాయి చూడండి అది, నిజం కెమెరా కంపెనీలు దాన్ని తగ్గించడానికి నానా తంటాలు పడతాయి, గేమ్ వాళ్లేమో కావాలని పెడతారు. మన పెళ్లి వీడియోల్లో పెళ్లికూతురు తల తిప్పగానే ఎక్కడినుంచో వెలుగు గీతలు వచ్చి పడతాయే, సేమ్ అదే బాపతు. డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ఇంకా విచిత్రం, దూరంగా ఉన్న శత్రువుని చూద్దామని మన కన్ను అటు వెళ్తే అక్కడ మసక మసకగా ఉంటుంది, ఎందుకంటే మన కన్ను ఎక్కడుందో గేమ్‌కి తెలీదు. కట్ సీన్లలో ఓకే, ఆడేటప్పుడు ఎందుకు చెప్పండి. అంటే చాలా గేమ్స్ రియల్‌గా ఉన్నాయి అని మనం అనేది నిజానికి సినిమా కెమెరాలా ఉన్నాయి అని.

మోషన్ బ్లర్‌కి మాత్రం ఒక మినహాయింపు ఉంది. 30 ఫ్రేమ్స్ దగ్గర ఆడక తప్పని సిస్టమ్ అయితే కొంచెం బ్లర్ ఉంటేనే కెమెరా తిప్పినప్పుడు కుదుపు తెలీకుండా పోతుంది, అందుకే కన్సోల్ గేమ్స్‌లో అది అంత ఎక్కువ కనిపిస్తుంది. 60 దాటితే దాంతో పెద్దగా పనిలేదు.

ఇదే దెబ్బలో ఫీల్డ్ ఆఫ్ వ్యూ, అంటే తెర మీద ఎంత వెడల్పు కనిపించాలో అది కూడా చూసుకోండి. టీవీకి దూరంగా సోఫాలో కూర్చుని ఆడేవాళ్లకి అది తక్కువ ఉన్నా నడుస్తుంది, మానిటర్‌కి రెండడుగుల దూరంలో కూర్చుంటే మాత్రం ఫస్ట్ పర్సన్ గేమ్స్‌లో (హీరో కళ్లతోనే చూస్తూ ఆడేవి) 90 చుట్టుపక్కల పెడితేనే సుఖం. కొంతమందికి ఫస్ట్ పర్సన్ ఆడితే పావుగంటకే తల తిరిగి వాంతి వచ్చినట్టు ఉంటుంది కదా, అది వాళ్ల బలహీనత కాదు, కళ్లేమో కదులుతున్నాం అంటాయి, లోపల చెవి మాత్రం కూర్చునే ఉన్నాం అంటుంది, ఆ రెండింటి తగాదా. హెడ్ బాబ్, కెమెరా షేక్ రెండూ ఆఫ్ చేసి ఫీల్డ్ ఆఫ్ వ్యూ పెంచితే చాలామందికి తగ్గుతుంది. నడిచేటప్పుడు మన తల ఊగుతుంది నిజమే, కానీ మెదడు దాన్ని సరిచేసి చూపిస్తుంది కాబట్టి మనకి ప్రపంచం ఊగినట్టు ఉండదు, గేమ్‌లో మాత్రం ఊగుతుంది. ఇలాంటి రియలిజాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

అందం కన్నా ఫ్రేమ్స్ ముందు

ఇక్కడ చాలామంది నాతో ఒప్పుకోరు, పర్లేదు. 60 ఫ్రేమ్స్ అంటే ఒక్కో ఫ్రేమ్‌కి 16.7 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. ఎంత అందమైన వెలుగు నీడలున్నా మౌస్ కదిపాక బొమ్మ లేటుగా కదిలితే చేతికి అబద్ధంలా తెలిసిపోతుంది. చేతికి నిజం అనిపించాలి ముందు, కంటికి తర్వాత.

కాబట్టి పద్ధతి ఇది. గేమ్‌లోనే బెంచ్‌మార్క్ (ఎన్ని ఫ్రేమ్స్ వస్తున్నాయో కొలిచే టెస్ట్) ఉంటే అది రన్ చేయండి, రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 పీసీ వెర్షన్‌లో ఉంది, జీటీఏ 5లో ఉంది, సైబర్‌పంక్ 2077లో కూడా ఉంది. లేకపోతే జనం, చెట్లు ఎక్కువున్న ఒక ప్లేస్ సెలెక్ట్ చేసుకుని ప్రతి మార్పుకీ అక్కడే నిలబడి చూడండి, ఖాళీ గదిలో నిలబడి 90 ఫ్రేమ్స్ వస్తున్నాయి అని సంబరపడి లాభం లేదు. తగ్గించడం మొదలుపెట్టాల్సింది నీడల దగ్గర, తర్వాత వాల్యూమెట్రిక్ అని ఉండేవి అంటే పొగమంచు, వెలుతురు చారలు లాంటివి, తర్వాత రిఫ్లెక్షన్స్. ఈ మూడూ అల్ట్రా నుంచి మీడియంకో హైకో దించితే కంటికి తేడా పెద్దగా తెలీదు గానీ ఫ్రేమ్స్ మాత్రం బాగా పెరుగుతాయి. రెడ్ డెడ్ 2లో అయితే వాటర్ ఫిజిక్స్, ట్రీ టెస్సలేషన్ (చెట్ల మీద అదనపు నగిషీ), ఎంఎస్ఏఏ (అంచులు నున్నగా చేసేది) ఈ మూడింటినీ మొహమాటం లేకుండా తగ్గించేయండి, నది అలల మీద ఖర్చుపెట్టేంత గ్రాఫిక్స్ కార్డ్ మన మిడిల్ క్లాస్ ల్యాప్‌టాప్‌లలో ఉండదు.

తగ్గించకూడనివి కూడా ఉన్నాయి. టెక్స్చర్స్ (గోడలు, బట్టల మీద కనిపించే బొమ్మలు) మీ కార్డ్ మెమరీలో పట్టినంత వరకు పైనే ఉంచండి, అవి ఫ్రేమ్స్ పెద్దగా తినవు, మెమరీ దాటితేనే కుదుపులు మొదలవుతాయి. అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ 16 దగ్గర పెట్టి మర్చిపోండి, పీసీలో దానికయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, దూరంగా ఉన్న రోడ్డు మసకబారకుండా ఉంటుంది.

రే ట్రేసింగ్ సంగతి అడుగుతారని తెలుసు. 2018లో ఎన్విడియా ఆర్టీఎక్స్ 20 సిరీస్ కార్డులతో ఇది మామూలు జనం సిస్టమ్స్‌లోకి వచ్చింది, వెలుతురు నిజంగా ఎటు తగిలి ఎటు మళ్లుతుందో లెక్కగట్టి చూపిస్తుంది. 2023 ఏప్రిల్‌లో సైబర్‌పంక్‌కి ఓవర్‌డ్రైవ్ మోడ్ అని ఫుల్ పాత్ ట్రేసింగ్ ఇచ్చారు, వానలో తడిసిన వీధిలో నియాన్ బోర్డుల వెలుగు చూస్తే నోరు తెరుచుకుని నిలబడిపోతాం, అందులో డౌట్ లేదు. కానీ ఆన్ చేశాక గేమ్ ఆడే తీరు మారిందా? లేదు, అవే గన్స్, అవే మిషన్లు. మీ కార్డ్ లాగగలిగితే, డీఎల్ఎస్ఎస్ లేదా ఎఫ్ఎస్ఆర్ (చిన్న బొమ్మ గీసి పెద్దది చేసి ఫ్రేమ్స్ పెంచే ఆప్షన్లు) క్వాలిటీ మోడ్‌లో పెట్టుకుని కూడా 60కి దగ్గర్లో ఉంటే హ్యాపీగా పెట్టుకోండి, లేకపోతే ఫోటో మోడ్‌లో ఆన్ చేసి నాలుగు స్క్రీన్‌షాట్లు తీసుకుని మళ్లీ ఆఫ్ చేసేయండి. దీనికోసమే అప్పు చేసి కార్డ్ మార్చేవాళ్లని చూస్తే నాకైతే నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఇంకోటి, ఫ్రేమ్స్ 35కీ 60కీ మధ్య ఊగుతూ ఉంటే 30 దగ్గర లాక్ చేయడమే నయం, స్టోరీ గేమ్స్ అయితే ముఖ్యంగా. నిలకడగా ఉన్న 30ని కన్ను అలవాటు చేసుకుంటుంది, ఊగే 50ని చేసుకోదు. ల్యాప్‌టాప్ ఫ్యాన్ కూడా జెట్ విమానంలా అరవదు, ఏప్రిల్ మేలో మన ఎండలకి అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ఫోన్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) ఆడేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు, మీకే బాగా తెలుసు. గ్రాఫిక్స్‌లో స్మూత్, ఫ్రేమ్ రేట్ ఫోన్ ఎంత ఇస్తే అంత, సీరియస్‌గా ఆడేవాళ్లు ఎక్కువమంది పెట్టేది అదే. స్టైల్ దగ్గర క్లాసిక్, కలర్‌ఫుల్, రియలిస్టిక్, సాఫ్ట్, మూవీ అని ఉంటాయి, అందులో రియలిస్టిక్ అనేది రంగుల తేడా మాత్రమే, దాన్ని నొక్కినంత మాత్రాన ఇంకేదో నిజం వచ్చేయదు. గడ్డిలో పడుకున్నోడు ఏ రంగులో మీకు తొందరగా కనిపిస్తాడో అది పెట్టుకోండి. ఆ గేమ్‌లో అసలైన రియలిజం వేరే చోట ఉంది, బుల్లెట్ వెంటనే తగలదు, పోవడానికి టైమ్ పడుతుంది, దూరం పెరిగేకొద్దీ కిందికి దిగుతుంది, కాబట్టి పరిగెత్తేవాడి ముందుకి గురిపెట్టాలి. అది మన ఆటనే మార్చేస్తుంది, పైగా స్మూత్‌లో పెట్టినా అలాగే ఉంటుంది.

పైసా ఖర్చు లేని రియలిజం ఇంకోటి ఉంది, సౌండ్. ఫోన్ స్పీకర్ బంద్ చేసి మామూలు వైర్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. పీసీలో వాలరెంట్ లాంటి షూటింగ్ గేమ్‌లో హెచ్ఆర్‌టీఎఫ్ అని ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేస్తే అడుగుల చప్పుడు ముందునుంచో వెనకనుంచో చెవికి తేడా తెలుస్తుంది. గ్రాఫిక్స్ గురించి గంటలు గంటలు కొట్టుకునేవాళ్లు దీన్ని పట్టించుకోరు ఎందుకో మరి.

బండి బరువు, చేతిలో ఉన్నదాన్ని బట్టి

రేసింగ్ గేమ్స్‌లో రియలిజం అంటే అసిస్టులు (బండి నడపడంలో గేమ్ చేసే సాయాలు) తీసేయడమే అనుకుని అన్నీ ఒకేసారి ఆఫ్ చేసి, మొదటి మలుపులోనే గిర్రున తిరిగి, ఈ గేమ్ చెత్త అని డిలీట్ చేసేవాళ్లు చాలామంది. ఒక్కోటి తీయాలి. ముందు రేసింగ్ లైన్ (ఎటు పోవాలో రోడ్డు మీద చూపించే గీత) మొత్తం కాకుండా బ్రేకింగ్ దగ్గర మాత్రమే కనిపించేలా పెట్టండి, లైన్ వైపే చూస్తుంటే రోడ్డు చూడటం ఎప్పటికీ అలవాటవ్వదు. అది అలవాటయ్యాక స్టెబిలిటీ కంట్రోల్ (బండి గిర్రున తిరగకుండా ఆపేది) ఆఫ్. తర్వాత గేర్లు మాన్యువల్. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రాలు జారకుండా చూసేది) అన్నిటికన్నా చివర్లో.

ఏబీఎస్ (బ్రేక్ గట్టిగా నొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) మాత్రం ఉంచండి, ముఖ్యంగా కీబోర్డ్ మీద ఆడేవాళ్లు. కీబోర్డ్‌లో బ్రేక్ అంటే సున్నా లేదా వంద, మధ్యలో ఏమీ లేదు, నిజం కారులో మన కాలు సగం నొక్కుతుంది, పావు నొక్కుతుంది. కాలు చేసే పని వేలు చేయలేనప్పుడు ఏబీఎస్ తీసేయడం రియలిజం కాదు, మనల్ని మనం శిక్షించుకోవడం. పైగా ఇప్పుడు రోడ్డు మీద తిరిగే కార్లలో ఏబీఎస్ ఉండనే ఉంది. 2014లో పూర్తిగా రిలీజైన ఇటలీ వాళ్ల అసెట్టో కోర్సాలో దీనికి చక్కటి ఆప్షన్ ఉంది, అసిస్టులు ఫ్యాక్టరీ అని పెడితే అసలు కారుకి కంపెనీ ఏమిచ్చిందో గేమ్‌లో కూడా అదే ఉంటుంది, ఆ కారుకి ఏబీఎస్ లేకపోతే మీకూ ఉండదు. స్టీరింగ్ వీల్ ఉన్నవాళ్లు నేరుగా అది పెట్టుకోండి. కంట్రోలర్ అయితే సగం కూడా నొక్కగలిగే ట్రిగ్గర్లు ఉన్నాయి కాబట్టి మధ్యస్థంగా వెళ్లొచ్చు.

ఫోర్జా హొరైజన్ లాంటి వాటిలో రివైండ్ ఉంటుంది, గుద్దితే వెనక్కి తిప్పి మళ్లీ ఆడొచ్చు. అది ఉంచుకోండి సిగ్గుపడక్కర్లేదు, ఒకే మలుపుని మళ్లీ మళ్లీ తీసి నేర్చుకోవడానికి అంతకన్నా మంచి పద్ధతి లేదు.

జీటీఏ అభిమానుల మధ్య దీని మీద పాత పగ ఒకటి ఉంది. 2008లో వచ్చిన జీటీఏ 4లో కార్లు బరువుగా ఊగుతూ మలుపు తిరుగుతాయి, మనుషులు గుద్దుకుంటే యుఫోరియా ఫిజిక్స్ వల్ల ఎలా పడతారో ముందే చెప్పలేం. 2013లో జీటీఏ 5 వచ్చేసరికి కార్లు రోడ్డుకి అతుక్కుని బొమ్మ కార్లలా తిరిగాయి, రియలిజం తగ్గింది అని అప్పట్లో చాలామంది ఏడ్చారు. కానీ పోలీసుల్నించి తప్పించుకునే ఆటకి ఏది సుఖం అంటే నా ఓటు 5కే, చూసి ముచ్చటపడటానికి మాత్రం 4. ఇక్కడ సెట్టింగ్ లేదు కాబట్టి గేమ్ సెలెక్ట్ చేసుకునే ముందే మీకు ఏది కావాలో తేల్చుకోవాలి.

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 దగ్గర కొంచెం ఆగుతా, ఎందుకంటే రియలిజాన్ని ఎక్కడ కోయాలో తెలిసినవాళ్లు చేసిన గేమ్ అది. చెక్ రిపబ్లిక్‌కి చెందిన ఎస్‌సీఎస్ సాఫ్ట్‌వేర్ 2012లో తెచ్చింది, ఇప్పటికీ జనం ఆడుతున్నారు. లారీ లోపల మీటర్లు, అద్దాలు, గేర్లు అన్నీ అచ్చు నిజమే, మ్యాప్ మాత్రం ఊళ్ల బయట 1:19 స్కేల్. మన లెక్కలో చెప్పాలంటే హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 275 కిలోమీటర్లు, ఆ స్కేల్‌లో 14 కిలోమీటర్ల చిల్లర, గంటకి 60లో పోతే పావుగంటలో దిగిపోతాం. చేయి పడే చోట పూర్తి నిజం, బోర్ కొట్టే చోట కోత.

అందులో గేమ్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఫెటీగ్ సిమ్యులేషన్ (డ్రైవర్ అలసట), ట్రాఫిక్ ఫైన్లు, ట్రైలర్ స్టెబిలిటీ, ఎయిర్ బ్రేక్ ఇలా విడివిడిగా ఉంటాయి. కొత్తవాళ్లు ఫైన్లు ఆఫ్ చేసుకుని మొదలుపెట్టొచ్చు, ఫెటీగ్ మాత్రం ఆన్‌లోనే ఉంచండి అంటా, ఎందుకంటే నిద్ర వస్తుందని తెలిస్తే ఏ ఊళ్లో ఆపాలి, ఈ లోడ్ టైమ్‌కి అందుతుందా అని ప్లాన్ చేయడం మొదలుపెడతాం. ట్రైలర్ స్టెబిలిటీ తగ్గిస్తే మలుపుల్లో స్పీడ్ చూసుకోకపోతే బోల్తాపడతాం, అది మీకు చేయి తిరిగాక.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ లాంటివి పూర్తిగా వేరే జాతి. 2020లో వచ్చిన దాంట్లో భూమి మొత్తం ఉంది, శంషాబాద్ నుంచి లేవొచ్చు, గన్నవరంలో దిగొచ్చు, లైవ్ వెదర్ పెడితే ఆ టైమ్‌కి అక్కడున్న వాతావరణమే తెచ్చి పెడుతుంది. అందులో రియలిజం తీసేస్తే మిగిలేది ఏమీ లేదు, ఆ రియలిజం కోసమే జనం కొంటారు. అసిస్టులతో మొదలుపెట్టండి, వారం తర్వాత ఒక్కోటి తీయండి, నెట్ మాత్రం మంచిది ఉండాలి, నేల వివరాలు చాలావరకు ఆన్‌లైన్‌లోనే లాగుతుంది.

ఆకలి, నిద్ర, సేవ్

అసలు గొడవంతా ఇక్కడే. నెట్ సెంటర్ రోజుల్లో గంటకి ఇంత అని కట్టి ఆడినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2004లో వచ్చిన జీటీఏ శాన్ ఆండ్రియాస్‌లో హీరో సీజే అతిగా తింటే లావెక్కేవాడు, జిమ్‌కి తీసుకెళ్తే కండలు వచ్చేవి, అసలు తినకపోతే చిక్కిపోయేవాడు. గంట డబ్బులు కట్టి బర్గర్లు తినిపించడమేంటి అని కొందరు తిట్టుకునేవాళ్లు, కానీ లావెక్కాక సీజే పరిగెత్తలేకపోవడం చూసి షాపు అంతా నవ్విన నవ్వులు కూడా ఆ రూల్ వల్ల వచ్చినవే. అది పెద్దగా సతాయించదు, ఎప్పుడో ఒకసారి పట్టించుకుంటే చాలు.

2018లో రెడ్ డెడ్ 2 దీన్ని చాలా దూరం తీసుకెళ్లింది. గన్‌కి ఆయిల్ పెట్టి తుడవకపోతే పనితనం తగ్గుతుంది, గడ్డం పెరుగుతుంది, గుర్రం కుప్పకూలినప్పుడు రివైవర్ అనే మందు లేకపోతే ఇక అంతే, శవం దగ్గర వస్తువులు తీసుకోవాలంటే హీరో ఆర్థర్ వంగి జేబులు వెతికే యానిమేషన్ ప్రతిసారీ చూడాలి. ఇందులో గుర్రం సంగతి నాకు చాలా ఇష్టం, పోతే నిజంగా పోతుంది కాబట్టి కొండ అంచున దూకించే ముందు ఆలోచిస్తాం. జేబులు వెతకడం మాత్రం మొదటి పదిసార్లు బాగుంటుంది, వందోసారికి విసుగు, ఎందుకంటే అందులో మనం తీసుకునే నిర్ణయం ఏమీ లేదు, బటన్ పట్టుకుని కూర్చోవడమే. అదే తేడా. కాబట్టి ఆ గేమ్ ఆడేవాళ్లకి సలహా, ప్రతి శవాన్నీ వెతకాలి అనే దురాశ వదిలేయండి, డబ్బులు వేరే దారుల్లో బోలెడు వస్తాయి, మీకు సగం విసుగు అక్కడే తగ్గిపోతుంది.

అదే ఏడాది వచ్చిన కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్ ఇంకా మొండిది. 1403లో బొహీమియా అంటే ఇప్పటి చెక్ దేశం, హీరో హెన్రీ కమ్మరి కొడుకు, వాడికి చదువు రాదు, పుస్తకం తెరిస్తే అక్షరాలన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి, ఎవరి దగ్గరైనా చదవడం నేర్చుకున్నాకే మనకీ అర్థమవుతుంది. కత్తి పట్టుకోవడం కూడా అంతే, మొదట్లో ఇద్దరు దొంగలు ఎదురైతే పారిపోవడమే మంచిది. రియలిజం అంటే ఇదిరా అనిపించింది నాకు, గ్రాఫిక్స్‌తో సంబంధమే లేదు, అది రూల్.

కానీ అందులోనే సేవ్ సిస్టమ్ ఉంది. ఎప్పుడు పడితే అప్పుడు సేవ్ చేయాలంటే సేవియర్ ష్నాప్స్ అనే మందు సీసా కావాలి, లేదా మంచం మీద పడుకోవాలి, లేదా మిషన్‌లో గేమ్ తనంతట తాను చేసుకోవాలి. పంతంగా ఆడేవాళ్లకి ఇది మజా, తప్పు చేస్తే భరించాలి కాబట్టి ప్రతి గొడవలోకీ ఆలోచించి దిగుతారు. మనలాగా ఎప్పుడు కరెంట్ పోతుందో తెలీని ఇళ్లల్లో ఆడేవాళ్లకి మాత్రం నరకం. తర్వాత అప్‌డేట్‌లో సేవ్ చేసి బయటికెళ్లే ఆప్షన్ ఇచ్చారు గానీ కరెంట్ మనకి చెప్పి పోదు కదా. డెస్క్‌టాప్ అయితే ఒక యూపీఎస్ పెట్టుకోండి, సీసాలు మాత్రం వీలైనన్ని దగ్గరుంచుకోండి, రెసిపీ దొరికాక మనమే కాచుకోవచ్చు, అప్పటికీ కష్టమైతే పీసీలో సేవ్ లిమిట్ తీసేసే మాడ్స్ (ఆడేవాళ్లు సొంతంగా చేసిన మార్పులు) ఉన్నాయి, వాడుకోండి. సేవ్ అనేది గేమ్ లోపలి ప్రపంచానిది కాదు, మన ఇంటి పరిస్థితిది, దాంట్లో రియలిజం ఏంటి అని నా వాదన. అదే గేమ్‌లో హార్డ్‌కోర్ మోడ్ కూడా ఉంది, ఫాస్ట్ ట్రావెల్ (మ్యాప్‌లో నొక్కి నేరుగా ఊరు చేరడం) ఉండదు, మ్యాప్‌లో మనం ఎక్కడున్నామో చూపించదు, సూర్యుణ్ణీ ఊరి చర్చి గోపురాన్నీ చూసి దారి పట్టాలి. రెండోసారి ఆడేటప్పుడు అది పెట్టుకోండి, మొదటిసారే వద్దు.

ఇలాంటి సర్వైవల్ రూల్స్ ఉన్న ఏ గేమ్ అయినా మొదటి గంటలో ఒక పని చేయండి, ఆకలి మీటర్ ఎంత స్పీడుగా తగ్గుతుందో గమనించండి. అది చూసి మీరు దారి మార్చుకుంటే, వేటకి వెళ్లాలా వద్దా అని లెక్కలేసుకుంటే ఆన్‌లో ఉంచండి. బ్యాగ్ ఓపెన్ చేసి యాపిల్ నొక్కి క్లోజ్ చేయడం తప్ప ఇంకేమీ జరగకపోతే తగ్గించేయండి. గేమ్స్ ఇంకా రియల్ అవ్వాలా అని నన్నడిగితే రూల్స్‌లో అవ్వాలి, కానీ ప్రతి రూల్ పక్కనా ఒక స్విచ్ ఉండాలి అంటా. మొహాల మీద చెమట చుక్కలు ఇప్పుడున్నవి చాలు.

క్రికెట్ గేమ్స్‌కి కూడా ఇదే లెక్క. ఈఏ క్రికెట్ 07 మొహాలు ఇప్పుడు చూస్తే జాలేస్తుంది, అయినా కొత్త టీముల ప్యాచ్‌లు వేసుకుని మనవాళ్లు ఏళ్ల తరబడి ఆడారు, షాట్ నొక్కగానే చేతికి తగిలినట్టు ఉండటమే కారణం. కొత్తవాటిలో క్రికెట్ 24 లాంటివి ఆడేవాళ్లు ఐదు ఓవర్ల మ్యాచ్ పెట్టి ప్రతి బాల్ సిక్స్ వెళ్తోంది రియల్‌గా లేదు అని తిట్టకండి, ఐదు ఓవర్లు ఇస్తే కోహ్లీ అయినా బాదుతాడు. 20 ఓవర్లు పెట్టి డిఫికల్టీ ఒక మెట్టు పెంచండి, సింగిల్స్ తీయాల్సిన అవసరం దానంతటదే వస్తుంది.

రియల్‌గా ఉండటం వల్ల వచ్చిన తలనొప్పి

ఇది సెట్టింగ్ కాదు గానీ చెప్పాలి. యుద్ధం ఎక్కడ మొదలైనా వాట్సాప్‌లో విమానాన్ని కూల్చే వీడియోలు వస్తాయి కదా, వాటిలో కొన్ని ఆర్మా 3 అనే గేమ్ నుంచి కట్ చేసినవి. 2013 నాటి గేమ్ అది, అయినా జనం నమ్మేస్తున్నారు. తయారుచేసిన బొహీమియా ఇంటరాక్టివ్ వాళ్లే 2022లో ఒక ప్రకటన ఇచ్చి ఎలా గుర్తుపట్టాలో చెప్పారు. వీడియో క్వాలిటీ మరీ తక్కువుంటుంది, కెమెరా ఊగుతుంది, ఎక్కువగా రాత్రి చీకట్లో ఉంటుంది, సౌండ్ ఉండదు, కదిలే మనుషులు కనిపించరు, పొగ మంట అసహజంగా ఉంటాయి. కావాలనే పాడుచేసి పెడతారన్నమాట. ఈ పై లక్షణాలు రెండు మూడు కనిపిస్తే ఫ్యామిలీ గ్రూప్‌లో బాబాయి ఫార్వర్డ్ చేసినా సరే నమ్మకండి, మెల్లగా చెప్పండి.

ఇంట్లో చిన్నపిల్లలు ఆడుతుంటే రక్తం సెట్టింగ్ ఒకసారి చూడండి, బీజీఎంఐలో రంగు మార్చుకోవచ్చు, చాలా గేమ్స్‌లో తగ్గించడమో ఆపడమో ఉంటుంది. అలాగని బొమ్మలా కనిపించే గేమ్స్ అన్నీ పిల్లలవి అనుకోకండి. 2014లో పోలండ్ వాళ్లు చేసిన దిస్ వార్ ఆఫ్ మైన్ పెన్సిల్ గీతల్లా ఉంటుంది, బోస్నియా యుద్ధంలో జరిగిన సరయెవో నగర ముట్టడి దాని వెనక ఉన్న ప్రేరణ, ముట్టడిలో చిక్కుకున్న మామూలు మనుషులు తిండి కోసం మందుల కోసం రాత్రిళ్లు వెతుక్కునే కథ, ముసలి దంపతుల ఇంట్లో మందులు దొంగిలించాలా వద్దా అని అడుగుతుంది. ఫోటో లాంటి గ్రాఫిక్స్ ఉన్న వార్ గేమ్స్ కన్నా అదే ఎక్కువ నిజం అనిపించింది నాకు. వయసు రేటింగ్ చూడండి, బొమ్మల స్టైల్ చూసి మోసపోకండి.

కొనే ముందు

ట్రైలర్ చూసి కొనొద్దు. మీ గ్రాఫిక్స్ కార్డ్ పేరు, గేమ్ పేరు కలిపి యూట్యూబ్‌లో వెతికితే అదే కార్డ్ మీద ఎవరో ఒకరు ఆడిన వీడియో ఉంటుంది, అది చూడండి. మొహాల కన్నా చుట్టుపక్కల చూడండి, తలుపులు తెరుచుకుంటున్నాయా, వాన పడితే జనం పరిగెత్తుతున్నారా, తుపాకీ తీస్తే పక్కనున్నవాడు పట్టించుకుంటున్నాడా. మొహాలు మరీ మనుషుల్లా ఉండి కళ్లు మాత్రం చచ్చినట్టుంటే ఒళ్లు జలదరిస్తుంది, జపాన్ ప్రొఫెసర్ మసాహిరో మోరి రోబోల విషయంలో 1970లోనే ఈ సంగతి రాశాడు, మనిషికి బాగా దగ్గరగా వచ్చి ఆగిపోయిన బొమ్మ మనకి ఎక్కువ ఇబ్బంది అని. అందుకే కొన్ని కార్టూన్ స్టైల్ గేమ్స్ ఇరవై ఏళ్లయినా చూడబుద్ధేస్తాయి, అప్పట్లో రియల్ అని డబ్బా కొట్టినవి ఇప్పుడు మైనం బొమ్మల్లా ఉంటాయి.

స్టీమ్‌లో (పీసీ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపు) కొంటే 14 రోజుల్లోపు, ఆడిన టైమ్ రెండు గంటలు దాటకపోతే రీఫండ్ అడగొచ్చు. ఆ రెండు గంటల్ని కథకి కాకుండా పైన చెప్పిన పనులకి వాడండి. కెమెరా వేషాలు ఆఫ్, నీడలు తగ్గింపు, బెంచ్‌మార్క్ ఒకసారి, తర్వాత గంటసేపు ఆట. గేమ్ ఓపెన్ అయి ఉన్నంతసేపూ టైమ్ లెక్కలోకి వస్తుంది కాబట్టి మెనూలో వదిలేసి భోజనానికి వెళ్లకండి, మొదటిసారి షేడర్స్ కంపైల్ అవ్వడానికి (గేమ్ మీ కార్డ్‌కి తగ్గట్టు గ్రాఫిక్స్‌ని సిద్ధం చేసుకోవడానికి) పట్టే టైమ్ కూడా అందులోంచే పోతుంది. గంటన్నర దగ్గర అలారం పెట్టుకోండి, అప్పటికి చేతికి సుఖంగా లేకపోతే రీఫండ్ కొట్టేసి, ఇంకో ఏడాదికి ప్యాచ్‌లు పడ్డాక సేల్‌లో మళ్లీ చూడొచ్చు.